రెండు చెంచాల కొత్తిమీర పచ్చడి

మునిర్కా, న్యూఢిల్లీ
9 నవంబరు 2024

సువార్తకు,

వందనాలు రాయాలి కాబట్టి రాస్తున్నాను. నా ఫోనులో నీ నంబరు బ్లాక్ చేశానని పౌలు నీతో చెప్పే ఉంటాడు. అది తియ్యను. ఆగస్టులో వాడికి గుండె ఆపరేషను జరిగిన రోజు, ఐ.సి.యు. బయట, నా కింద పనిచేసే నర్సులందరూ వింటుండగా నన్ను "పెత్తనాల ముసలిది" అన్నావు. ముప్ఫై రెండేళ్ళ నుంచి ఆ ఆసుపత్రిలో నన్నెవరూ అంత మాట అనలేదు. ఇకమీదట చెప్పవలసింది ఏదైనా ఉంటే కాగితం మీద రాయి. నోటితో అన్నదాన్ని అనలేదని దబాయించవచ్చు, రాసినదాన్ని దబాయించలేవు.

ఇక అసలు సంగతి. నా తమ్ముడి గుండెలో ఇప్పుడున్నది లోహపు కవాటం. దాని మీద రక్తం గడ్డకట్టకుండా బతికినంతకాలం రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి. ఆ పలచదనాన్ని కొలిచే పరీక్షలో అంకె రెండున్నరకీ మూడున్నరకీ మధ్య నిలవాలి. తగ్గితే గడ్డకడుతుంది, పెరిగితే లోపల ఎక్కడైనా రక్తం చిమ్ముతుంది. ఆకుకూరలు ఆ మాత్రకి విరోధం. ఇవన్నీ ఆసుపత్రి వాళ్ళు నీకు కూడా చెప్పారు. అయినా నువ్వు సెలవు పెట్టి ఇక్కడున్న ఆరు వారాలూ రోజు విడిచి రోజు వాడికి పాలకూర పప్పు వండావు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి గిన్నె కడిగేసి ఉండేది. కడిగినా వాసన తెలుస్తుంది.

నువ్వు వెళ్ళిన రోజు నుంచి మా ఇంట్లోకి ఆకు రాలేదు. ఇక్కడ చలి మొదలైంది. బండి మీద పాలకూర, మెంతికూర, బథువా గుట్టలు పోసుకుని వస్తున్నారు. సబ్జీ భయ్యా అలవాటు కొద్దీ పాలకూర కట్ట నా సంచిలో వెయ్యబోతే వద్దన్నాను. "దీదీ, బీమార్ ఆద్మీకో తో పాలక్ ఖిలాతే హైఁ" అంటాడు. జబ్బు మనిషికి పాలకూరే పెట్టాలట. వాడికీ నీకూ చదువులో పెద్ద తేడా లేదనిపించింది.

గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందని రెండేళ్ళ క్రితం మొగుణ్ణి నా దగ్గర వదిలేసి పోయినదానివి. వదిలినదానివి వదిలినట్టే ఉండు. వాణ్ణి ఎనిమిదో ఏట నుంచి పెంచినదాన్ని నేను.

ఫెయిత్ పదో తరగతి బాగా చదవాలి. దానికి నా ముద్దులు.

సరళకుమారి


బాపట్ల
21 నవంబరు 2024

వదినగారికి,

మీ ఉత్తరం స్టాఫ్ రూములో పది మంది మధ్య చదువుకున్నాను. మీరు కోరుకున్నది కూడా అదే అనుకుంటాను, ఇంటి అడ్రసు తెలిసి కూడా స్కూలుకి రాశారు.

నేను హోమ్ సైన్సు చదివి, తొమ్మిదీ పదీ పిల్లలకి జీవశాస్త్రం చెప్పుకుని బతుకుతున్నాను. కాబట్టి మీ కూరల బండివాడి కంటే రెండు ముక్కలు ఎక్కువ తెలుసు. మీ మాత్రకి విరోధమైంది ఆకు కాదు, ఆకులో ఉండే కె విటమిను. వందేసి గ్రాములు తూచి పక్కపక్కన పెడితే పాలకూరలో అది నాలుగు వందల ఎనభై మైక్రోగ్రాముల దాకా ఉంటుంది, కొత్తిమీరలో మూడు వందల పది. ఇనుము దానిలో రెండున్నర మిల్లీగ్రాముల పైన, దీనిలో రెండుకి లోపు. ఫోలేటు పాలకూరలో మూడింతలు. సి విటమిను రెండింటిలోనూ ఒకటే. ఆపరేషనులో అంత రక్తం పోయిన మనిషికి పాలకూర పెట్టింది అందుకు. పెట్టింది కూడా కొలిచి, ప్రతిసారీ ఒక్కటే కొలత.

డాక్టరుగారు ఆరోజు నాతో అన్న మాట మీకు గుర్తు చేస్తాను, అప్పుడు మీరు పక్కనే ఉండి ఫోను చూసుకుంటున్నారు. "ఆకుకూర మానెయ్యమని నేననను, రోజూ ఒకే మోతాదులో తినండి, దానికి తగ్గట్టు మాత్ర నేను సరిచేస్తాను. ఒక్కసారిగా పెంచొద్దు, ఒక్కసారిగా మానొద్దు" అన్నారు. ఒక్కసారిగా మానొద్దన్న ముక్క మీరు వినలేదేమో. విన్నా, అది నా వంటని సమర్థించే మాట కాబట్టి మీ చెవిలోకి పోలేదేమో.

సరే, పాలకూర మీ ఇంట్లో నిషేధం. మరి ఢిల్లీలో కూరలు కొన్నవాళ్ళందరికీ ఊరికే చేతిలో పెట్టే కొత్తిమీర సంగతేమిటి? చారు మీద చల్లే నాలుగు ఆకులు ఎవరూ లెక్కలో వెయ్యరు. మీరూ వెయ్యలేదు. నేనూ అడగను.

నేను వదిలేసి వచ్చానని రాశారు. పదిహేనేళ్ళు ఆ మునిర్కా గదుల్లో మీ కింద బతికాను. నేను వండిన ప్రతి కూరా మీరు రుచి చూసి ఉప్పు వేసేవారు, సరిపోయిన రోజు కూడా. సొంత సంసారం లేని మనిషి తమ్ముడి సంసారంలో కాపురం చేస్తే ఎలా ఉంటుందో ఇంకొకరికి చెబితే నమ్మరు.

ఫెయిత్‌కి మీ ముద్దులు అందజేశాను. అది హెడ్‌ఫోన్లు తియ్యలేదు.

సువార్త


మునిర్కా
15 డిసెంబరు 2024

సువార్తకు,

నీ పాఠం చదివాను. మార్కులు వెయ్యమంటావా?

నిన్న పౌలు పరీక్ష రిపోర్టు వచ్చింది. ఒకటీ పాయింటు ఏడు. ఆకన్నది ఇంట్లో లేకుండా రెండు నెలలు గడిస్తే అంకె పెరగాలి కదా, తగ్గింది. డాక్టరు వాడి మొహంలోకి చూస్తూ "ఆకుకూరలేమైనా ఎక్కువ తింటున్నారా?" అని అడిగాడు. "ఇంట్లో ఆకు లేదు డాక్టర్‌సాబ్, నా ఉద్యోగం మీద ఒట్టు" అని నేనే జవాబు చెప్పాను. పౌలు బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు మాత్ర రెండు మిల్లీగ్రాముల నుంచి మూడుకి పెంచాడు.

నాకు తెలిసి దీనికి కారణం ఒక్కటే. వాడు రోజూ కరోల్ బాగ్ ల్యాబులో వచ్చినవాళ్ళకి సూదులు గుచ్చీ గుచ్చీ, మెట్రోలో నిలబడి, ఇంటికి రాగానే నీ ఫోను. గంటసేపు నీ ఫిర్యాదులు వింటాడు. మనసు కుదురు లేని మనిషికి ఒంట్లో ఏ మందు పనిచేస్తుంది? ఈ ఆదివారం ఆరాధనయ్యాక సంఘంలో నీకోసం ప్రార్థన చెయ్యమని విన్నపం ఇచ్చాను. నీ నోరు అదుపులో ఉండేట్టు. అందరూ ఆమెన్ అన్నారు.

నవంబరులో మీ ఊరు వెళ్ళొచ్చిన మన సంఘం నథానియేలుగారు నువ్వు పంపిన గులాబీ పువ్వుల పిండివంట డబ్బా ఇచ్చారు. సగానికి పైగా విరిగిపోయాయి. రెండో సంచి పౌలు చేతికే ఇచ్చారట. ఏమిటని అడిగితే స్వెట్టర్లన్నాడు. బాపట్ల నుంచి ఢిల్లీకి స్వెట్టర్లు పంపే తెలివి నీకే ఉంది.

క్రిస్మస్‌కి వాడికి సెలవు దొరకదు. దొరికినా నేను ప్రయాణం ఒప్పుకోను.

సరళకుమారి


బాపట్ల
5 జనవరి 2025

వదినగారికి,

కొత్త సంవత్సరం మొదటి ఉత్తరం మీకే రాస్తున్నాను, సంఘంలో నా నోటి కోసం ప్రార్థన చేయించినందుకు కృతజ్ఞతగా. నథానియేలుగారి భార్య ఫోను చేసి ఆ విషయం ఎంతో జాలిగా చెప్పింది.

మొన్న మూడో తేదీ పరీక్షలో అంకె రెండూ పాయింటు తొమ్మిది వచ్చిందని మీ తమ్ముడు చెప్పారు. సంతోషం. మీ క్రమశిక్షణ వల్లనే వచ్చిందని మీరు డాక్టరుగారితో అన్నారట. అనుకోండి. ఆయనకి అందవలసినది ఆయనకి అందుతోంది, ఒకే కొలతలో, రోజూ. మాత్ర దానికి సరిపోయింది. అంతకు మించి చెప్పను.

ఫెయిత్ ఆయన్ని వీడియోలో చూసి ఏడ్చింది. "డాడీ ఇత్నే పత్లే క్యోఁ హో గయే?" అని నన్ను అడిగింది. ఎందుకు చిక్కిపోయారంటే, సొరకాయా బంగాళాదుంపా తప్ప మీ అత్త ఇంకేమీ వండదని చెప్పాను.

ప్రతి ఉత్తరంలోనూ నేనే పెంచానని రాస్తారు. ఒక మాట ఇన్ని నెలలూ దాచుకున్నాను. ఆపరేషను ముందు డాక్టరుగారు నాకు విడిగా చెప్పారు. చిన్నప్పుడు గొంతు నొప్పులూ కీళ్ళ జ్వరమూ వచ్చిన పిల్లలకి క్రమం తప్పకుండా ఇంజెక్షన్లు వేయిస్తే గుండె కవాటం పాడవదట. మీ తమ్ముడికి ఆ జ్వరం పదకొండో ఏట వచ్చింది. అప్పుడు మీరు నర్సింగ్ చదువుతున్నారు. పెంచుతున్నది కూడా మీరే. ఇంజెక్షన్లు ఎన్ని వేయించారో మీకు తెలుసు, ఎన్ని మర్చిపోయారో ఆయన గుండెకి తెలుసు.

సువార్త


మునిర్కా
19 జనవరి 2025

సువార్తకు,

"అందవలసినది అందుతోంది" అని రాశావు. ఆ ముక్క నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. నిన్న వాడు స్నానానికి వెళ్ళినప్పుడు బీరువా మీద సూట్‌కేసు దించాను. పాత స్వెట్టర్లలో చుట్టి మూడు సీసాలు. ఒకటి ఖాళీ, ఒకటి సగం, ఒకటి మూత తియ్యనిది. కొత్తిమీర నిల్వ పచ్చడి. చింతపండు వేసి నూనెలో మగ్గబెట్టి, సీసాకి ఎన్ని కట్టలు కుక్కావో.

చారు మీద నాలుగు ఆకులని రాశావు నువ్వు. పాలకూరలో ఇంత, కొత్తిమీరలో ఇంత అని అంకెలు రాసింది నన్ను ఏమార్చడానికన్నమాట.

బయటికి వచ్చాక అడిగాను. మొదట తలవంచుకున్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. పొద్దున టిఫినులో ఒక చెంచా, రాత్రి నేను డ్యూటీకి పోయాక అన్నంలో ఒక చెంచా. నవంబరు నుంచి. "సువార్త కొలిచి తినమంది అక్కా. రోజుకి రెండే చెంచాలు. ఒక్కరోజు కూడా తప్పించలేదు, ఎక్కువా తినలేదు" అన్నాడు. నలభై ఆరేళ్ళ వాడు, స్కూలు పిల్లాడిలా గోడకానుకుని.

ఆ మూడు సీసాలూ వాడి చేతే మోయించాను. మూడంతస్తులు దిగి, సందు చివర చెత్త బండి దగ్గరికి వాడే తీసుకెళ్ళి వేశాడు. నేను బాల్కనీలోంచి చూశాను. సగం సీసా వెయ్యడానికి కాసేపు తటపటాయించాడు. పైనుంచి పేరు పెట్టి పిలిచాను. వేశాడు.

మెట్లెక్కి వచ్చాక "డాక్టరుకి చెప్పాలేమో అక్కా, మాత్ర ఇంకా మూడే వేసుకుంటున్నాను" అన్నాడు. "చెప్పు. పెళ్ళాం దొంగచాటుగా పంపితే సూట్‌కేసులో దాచుకు తిన్నానని చెప్పు. నా ఉద్యోగం మీద ఒట్టేసి నేను అబద్ధమాడానని కూడా చెప్పు" అన్నాను. లోపలికి వెళ్ళిపోయాడు.

వచ్చే నెల మూడున పరీక్ష. నీ పచ్చడి లేకుండా, నా వంటతో, అంకె ఎలా వస్తుందో చూపిస్తాను.

చిన్నప్పటి ఇంజెక్షన్ల గురించి రాసినదానికి జవాబు రాయను. ఆ మాట నువ్వు దేవుడి దగ్గర చెప్పుకుందువుగాని.

సరళకుమారి


బాపట్ల
25 జనవరి 2025

వదినగారికి,

చాలా మంచి పని చేశారు. నేను పంపిన తిండిని నా భర్త చేతే చెత్తలో వేయించి, బాల్కనీలో నిలబడి చూశారు. ఇటువంటిది మీ నుంచి రావలసిందే, వచ్చింది.

మొన్న గురువారం ఆయన ఫోను చేశారు. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళలోంచి రక్తం వస్తోందట. మోచేతి మీద పెద్ద నల్లమచ్చ కనిపించిందట, ఎక్కడా తగల్లేదట. "ల్యాబులో నేనే రక్తం తీసి చూసుకోనా?" అని అడిగారు. "నన్నెందుకు అడుగుతున్నారు? మీ అక్కగారు నర్సు కదా, ఆవిణ్ణే అడగండి" అని ఫోను పెట్టేశాను.

మీ వంట, మీ వైద్యం. మధ్యలో నేనెవరిని. మూడో తేదీ ఎంతో దూరం లేదు. ఆ అంకె చూసుకున్నాక మళ్ళీ ఉత్తరం రాయండి. ఆ ఉత్తరం మాత్రం స్టాఫ్ రూములో పైకి చదువుతాను.

సువార్త


బాపట్ల
4 మార్చి 2025

వదినగారికి,

మూడు వారాలు ఒకే ఐ.సి.యు. బయట ఒకే బల్లకి రెండు చివర్ల కూర్చున్నాం. ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఫెయిత్ పరీక్షలు దగ్గరపడి నేను వచ్చేశాను. అప్పుడు అడగలేనిది ఇప్పుడు అడుగుతున్నాను.

జనవరి ముప్ఫై ఒకటో తేదీ మధ్యాహ్నం ఆయన కరోల్ బాగ్ ల్యాబులో కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయారు. మెదడులో రక్తం చిమ్మిందన్నారు. ఆసుపత్రికి చేర్చాక చూస్తే అంకె తొమ్మిది దాటింది. డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచి "తిండిలో ఏమైనా మార్పు చేశారా?" అని అడిగారు. పచ్చడి సంగతి చెప్పాను. నవంబరు నుంచీ ఎంతెంత తిన్నారో, ఎప్పుడు ఆగిపోయిందో అన్నీ చెప్పాను. ఆయన పెన్ను బల్ల మీద పెట్టారు. "ఆ పచ్చడికి సరిపడేట్టు నేను డోసు పెంచాను. పచ్చడి ఆగింది, డోసు ఆగలేదు" అన్నారు.

ఇప్పుడు ఆయన కుడి చెయ్యీ కుడి కాలూ లేవవు. అన్నీ అర్థమవుతాయి, మాట రాదు. నేను బయల్దేరుతూ వెళ్ళొస్తానంటే కళ్ళు మూసుకున్నారు.

నా ప్రశ్న ఒక్కటే. ముప్ఫై ఏళ్ళ పైన నర్సుగా పనిచేశారు. ఇటువంటి మాత్ర వేసుకునే రోగుల్ని వందల మందిని చూసి ఉంటారు. ఆ సీసాలు పారేయించిన రోజున, మాత్ర తగ్గించాలని మీకు తెలియదా?

తెలియదని రాస్తే నమ్ముతాను.

సువార్త


మునిర్కా
15 మార్చి 2025

సువార్తకు,

తెలుసు.

తెలియదని రాద్దామని రెండు కాగితాలు పాడుచేశాను. కానీ కాగితం మీదే రాయమని అన్నది నేను.

తెలుసు కాబట్టే వాడు డాక్టరుకి చెబుదామన్నప్పుడు నాకు అంత కోపం వచ్చింది. చెబితే డోసు తగ్గిస్తారు. తగ్గిస్తే నీ పచ్చడిని లెక్కలో వేసుకున్నట్టు. రెండు వారాలే కదా, కాస్త పెరిగితే పెరుగుతుంది, మూడో తేదీన చూసి నేనే తగ్గిద్దామనుకున్నాను. ఇరవై ఏడున వాడు చిగుళ్ళు చూపించాడు. నేను వేలు పెట్టి చూశాను. నా వేలికి రక్తం అంటింది. "ఈరోజు ల్యాబులో చూసుకుంటానక్కా" అంటే "మూడో తేదీనే" అన్నాను. "సువార్తని అడిగితే నిన్ను అడగమంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వాను. వాడు సంచి తగిలించుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేను అడుగుతాను. నాకు తెలుసు, సరే. నీకు తెలియదా? ఒక్కసారిగా మానొద్దని డాక్టరు అన్న మాట నవంబరులో నాకు రాసింది నువ్వు. మాత్ర దేనికి సరిపోయిందో జనవరిలో రాసింది నువ్వు. సీసాలు పారేయించానన్న నా ఉత్తరం నీకు ఇరవై నాలుగున అందింది. చిగుళ్ళ రక్తం సంగతి అంతకు ముందు రోజే వాడు నీకు చెప్పాడు. రెండూ కలిపి చూస్తే పదో తరగతి పిల్లకి కూడా తెలుస్తుంది. నీ నంబరు నేను బ్లాక్ చేశాను గాని వాడు చెయ్యలేదు కదా. ఒక్క ఫోను. "మాత్ర మానెయ్యండి, ఆసుపత్రికి వెళ్ళండి" అని ఒక్క ముక్క. దానికి బదులు కూర్చుని నాకు ఉత్తరం రాసి పోస్టు చేశావు. అది ముప్ఫయ్యో తేదీ సాయంత్రం నాకు అందింది. "మూడో తేదీ ఎంతో దూరం లేదు" అన్న నీ వాక్యం నేను రెండుసార్లు చదివాను. నువ్వు కూడా ఆ తేదీ కోసమే కాచుకుని ఉన్నావని అర్థమైంది. పక్క గదిలో వాడు క్రికెట్ చూస్తున్నాడు. అప్పుడే లేపి తీసుకెళ్తే నీ ఉత్తరానికి భయపడ్డట్టు ఉంటుందని ఊరుకున్నాను.

ఆ ఉత్తరం జిరాక్సు దీనితో పంపుతున్నాను, నువ్వు రాసింది నువ్వు మర్చిపోకుండా.

వాణ్ణి నిన్న ఇంటికి తెచ్చాను. నా చేతి ముద్ద నోట్లోకి తీసుకోడు. పెదవులు బిగించి గోడ వైపు తిరుగుతాడు. పగటిపూట చూసుకునే ఆయా పెడితే తింటాడు. నలభై ఏళ్ళుగా ఆ నోటికి అన్నం పెట్టినదాన్ని, వంటింట్లో నిలబడి ఆయా చెంచా చప్పుడు వింటున్నాను.

డాక్టరు ప్రయాణానికి ఒప్పుకున్నాక వచ్చి తీసుకెళ్ళు. నేను రిటైరవడానికి ఇంకా ఏడాది ఉంది, చూడలేను అని సంఘంలో చెప్పాను. నిజం నీకు రాశాను.

సరళకుమారి


బాపట్ల
28 ఏప్రిల్ 2025

వదినగారికి,

ఆయన్ని తీసుకొచ్చి పదహారు రోజులైంది. స్టేషనుకి మీరు వస్తారేమోనని రైలు కదిలేదాకా కిటికీ వైపు కూర్చోబెట్టాను. రాలేదు. ఆయన కూడా బయటికి చూడలేదు.

జిరాక్సు పంపి మీరు అనుకున్నది సాధించారు, కాకపోతే నా మీద కాదు. మేము రైల్లో ఉన్న రెండు రోజులూ ఇంట్లో ఫెయిత్ ఒక్కతే ఉంది. బీరువాలో మీ ఉత్తరాలన్నీ, దానితోపాటు నా ఉత్తరం జిరాక్సూ తీసి చదివింది. తెలుగు చదవడం దానికి కష్టం. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి ఉంటుంది. నాకు అది తలుచుకుంటేనే ఎలాగో ఉంది.

ఆయన్ని మంచం మీద పడుకోబెట్టగానే నన్ను వంటింట్లోకి పిలిచింది. "మమ్మీ, డాడీ చిగుళ్ళ గురించి ఫోన్ చేసిన రోజు నేను నీ పక్కనే ఉన్నాను. ఫోన్ పెట్టేసి నువ్వు నవ్వావు" అంది. నాకు గుర్తులేదన్నాను. "ఆప్ దోనోఁ కో పతా థా" అంది. మీ ఇద్దరికీ తెలుసు అని. గొంతు పెంచలేదు, ఏడవలేదు. నేను "మీ అత్తని అడుగు" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని నాకు తెలియలేదు, అదే మాట జనవరిలో ఆయనతో అన్నానని. దానికి వెంటనే తెలిసింది. నా మొహంలోకి చూసి పక్కకి తప్పుకుంది.

ఆరోజు నుంచి ఆయన తిండి అదే వండుతోంది. ఇక్కడి ఆసుపత్రికి తనే వెళ్ళి మాట్లాడి వచ్చింది. వారానికి ఎన్నిసార్లు ఆకుకూర, ఎన్ని గ్రాములు అని రాయించుకుంది. వంటింట్లోకి చిన్న తూకం తెచ్చుకుంది. పాలకూర తూస్తుంది. కొత్తిమీర రెండు రెమ్మలైనా తూస్తుంది. నేను గిన్నె ముట్టుకోబోతే చేత్తో అడ్డుపెడుతుంది. ఒకరోజు అది బజారుకి వెళ్ళినప్పుడు నేను పళ్ళెం పట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను. పెదవులు బిగించి గోడ వైపు తిరిగారు. మీరు రాసినట్టే. అది వచ్చాక తినిపిస్తే తిన్నారు.

ఇద్దరికీ సమానంగా వచ్చింది కదా అని మీరు సంతోషించకండి. మీ ఇంట్లో గోడ వైపు తిరిగిన మనిషిని మీరు పంపించేశారు. నా ఇంట్లో అలా తిరిగినవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళతో బతకాలి.

వాణ్ణి చూడాలనుందని నథానియేలుగారితో చెప్పి పంపారు. రావద్దు. నేను వద్దనడం లేదు, ఆ హక్కు ఈ ఇంట్లో నాకు లేదు. మీరు వస్తే తలుపు తియ్యనని ఫెయిత్ చెప్పింది. తియ్యదు. దాని పట్టుదల మీకూ నాకూ ఉన్నదే.

ఈ ఉత్తరం నేను రాయదలచుకోలేదు. అది రాయమంటే రాస్తున్నాను. పరీక్షలో వచ్చిన అంకె, ఇచ్చిన డోసు తేదీల వారీగా రాసే ఆసుపత్రి పుస్తకం మీ దగ్గరే ఉండిపోయింది. ఇక్కడి డాక్టరు అడుగుతున్నారు. ప్రతి పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాలట, జనవరి పేజీ తప్పనిసరిగా. ఫెయిత్ నంబరు మీ దగ్గర ఉంది. ఆ నంబరుకే పంపమంది. నాకు పంపవద్దంది.

సువార్త